మొక్కజొన్నలో నత్రజని: చివరి కిలో లెక్క

మొక్కజొన్న చేను గట్టున నిలబడితే ముందు కంటపడేది రంగే. ఆకు నల్లగా నిగనిగలాడుతుంటే ఎరువు బాగా అందిందనుకుంటారు. కాస్త పాలిపోతే మరో దఫా యూరియా చల్లాలనుకుంటారు. ఈ కొలతతో ఒక చిక్కుంది. నత్రజని తక్కువైతే ఆకు వెంటనే చెప్పేస్తుంది, సరిపోయాక మాత్రం ఎంత వేసినా ఆ పచ్చదనం అంతకు మించి పెరగదు. తక్కువైన చేను గోల చేస్తుంది, ఎక్కువైన చేను నోరు మెదపదు. గోల లేని చోట పోయే డబ్బు ఎవరి లెక్కలోకీ రాదు కాబట్టి, అనుమానం వచ్చిన ప్రతిసారీ చెయ్యి ఎక్కువ వైపే మొగ్గుతుంది.

దిగుబడి బాగా వచ్చి కూడా లాభం సన్నగిల్లడానికి ఒక కారణం ఇదే. మొదట వేసే కిలోలు ఎలాగూ గిట్టుబాటవుతాయి, వాటి గురించి పెద్దగా ఆలోచించే పని లేదు. ఆఖరున వేసే పది, ఇరవై కిలోలు తమ ఖర్చు తాము రాబట్టుకున్నాయా, అసలు వేసింది వేరు దాకా చేరిందా అన్నదే అసలు లెక్క.

పంట తీసుకునేది ఎంత

మొక్కజొన్న గింజలో నత్రజని సుమారు 1.2 నుంచి 1.4 శాతం. అంటే క్వింటా గింజతో పాటు 1.2 నుంచి 1.4 కిలోల నత్రజని పొలం దాటి వెళ్లిపోతుంది. చొప్ప, ఆకు, బెండు కూడా కలుపుకుంటే క్వింటా గింజ పండడానికి మొక్క తీసుకునేది దాదాపు 2 కిలోలు. ఎకరాకు 30 క్వింటాళ్లు పండే చేను 60 కిలోల నత్రజనిని ఒంట పట్టించుకుంటుందన్నమాట. యూరియాలో నత్రజని 46 శాతం, కాబట్టి 130 కిలోల యూరియా. ఎకరాకు 27 వేల మొక్కలుంటే ఒక్కో మొక్క వాటా 5 గ్రాములు కూడా ఉండదు, ఒక చిన్న చెంచాడు. పంటకాలమంతా పడే గొడవ ఆ చెంచాడు గుళికల గురించే.

చాలామంది ఇక్కడితో లెక్క ఆపేస్తారు. కానీ ఈ 60 కిలోలూ సంచిలోంచే రావాలని లేదు, సంచిలోంచి పోసిందంతా మొక్కకు చేరదు కూడా. లెక్క రెండు వైపులా తప్పుతుంది.

మొదటిది నేల ఇచ్చే వాటా. నేలలోని సేంద్రియ పదార్థం సూక్ష్మజీవుల వల్ల మెల్లగా కుళ్లుతూ నత్రజనిని విడుదల చేస్తుంది. సేంద్రియ పదార్థం 1 శాతం ఉంటే ఏడాదికి ఎకరాకు సుమారు 8–10 కిలోల నత్రజని వస్తుందన్నది వాడుకలో ఉన్న ముతక లెక్క. భూసార పరీక్ష కాగితం మీద సాధారణంగా సేంద్రియ కర్బనం ఇస్తారు. దాన్ని 1.72తో గుణిస్తే సేంద్రియ పదార్థం వస్తుంది. కర్బనం 0.5 శాతం ఉన్న నేల, 1 శాతం ఉన్న నేల ఒకే మోతాదు అడుగుతాయనుకోవడం పొరపాటు. ముందు పంట ఏమిటన్నదీ ముఖ్యమే. సోయాచిక్కుడు తర్వాత వేసిన మొక్కజొన్నకు, మొక్కజొన్న మీద మొక్కజొన్న వేసిన దానికంటే ఎకరాకు 20 కిలోల దాకా తక్కువ నత్రజని సరిపోవడం చాలాచోట్ల చూసిన విషయమే. పప్పుజాతి పంట నేలలో నత్రజని దాచి వెళుతుందన్నది ఇందులో సగం కథే. మిగతా సగం చొప్పది. మొక్కజొన్న చొప్పలో కర్బనం, నత్రజని నిష్పత్తి 60:1 దగ్గర ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు 24:1 చుట్టూ ఉన్న మేత కావాలి. ఆ లోటును అవి నేలలోని నత్రజనితో పూడ్చుకుంటాయి, అది మళ్లీ విడుదలయ్యేదాకా లేత పంటకు కరువే. చొప్ప కలియదున్నిన పొలంలో మొదటి నెల మొక్కలు పసుపుపచ్చగా తిరగడానికి తరచూ ఇదే కారణం.

పశువుల ఎరువునూ లెక్కలో వేసుకోవాలి, కానీ ఉన్నదానికంటే ఎక్కువ వేసుకోకూడదు. అందులో నత్రజని అర శాతం అనుకుంటే 4 టన్నుల్లో 20 కిలోలు. తొలి పంటకు అందేది అందులో మూడో వంతో, నాలుగో వంతో. కోళ్ల ఎరువులో శాతం ఎక్కువ, త్వరగానూ అందుతుంది, పోవడమూ త్వరగానే పోతుంది.

రెండోది నష్టం. ప్రపంచవ్యాప్తంగా ధాన్యపు పంటలకు వేసిన నత్రజనిలో గింజ రూపంలో తిరిగొచ్చేది దాదాపు 33 శాతమేనని 1999లో రాన్, జాన్సన్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. బాగా చేసిన పొలాల్లో అది ఇంతకంటే చాలా మెరుగ్గా ఉంటుంది. అంటే మిగిలిన మూడింట రెండు వంతులు తప్పనిసరి నష్టం కాదు, చేతిలో ఉన్న నష్టమే.

దిగుబడి లక్ష్యం చెప్పని సంగతి

అమెరికాలోని మొక్కజొన్న ప్రాంతాల్లో 1970ల నుంచి ఒక సులువైన సూత్రం నడిచింది. ఆశించే దిగుబడిలో ప్రతి బుషెల్ (సుమారు 25 కిలోల) గింజకు 1.2 పౌండ్ల నత్రజని. మన కొలతల్లో క్వింటాకు 2 కిలోల పైచిలుకు, పైన చూసిన లెక్కే. జార్జ్ స్టాన్‌ఫర్డ్ 1973లో రాసిన పత్రం దీనికి ఆధారం. దశాబ్దాల పాటు పరీక్షలు చేశాక తేలిందేమిటంటే, ఒక పొలంలో ఒక ఏడాది వచ్చిన దిగుబడికీ, ఆ ఏడాది ఆ పొలానికి నిజంగా అవసరమైన ఎరువు నత్రజనికీ పొంతన అంతంతమాత్రమే.

వినడానికి వింతగా ఉన్నా కారణం సులువైనదే. పంట విరగకాసే ఏడాది అంటే తడి, వెచ్చదనం సమంగా కుదిరిన ఏడాది. ఆ తడి, ఆ వెచ్చదనమే నేలలోని సూక్ష్మజీవులకూ పండగ. పంటకు ఆకలి పెరిగిన ఏడాదే నేల కూడా ఎక్కువ వడ్డిస్తుంది. వేళ్లు లోతుకు దిగి ఎక్కువ మేర వెతుక్కుంటాయి. దిగుబడి పెరిగింది కదా అని ఎరువూ అదే నిష్పత్తిలో పెంచితే రెండోసారి వడ్డించినట్టే. 2005 ప్రాంతం నుంచి ఆ ప్రాంతంలోని పలు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు దిగుబడి లక్ష్యాన్ని పక్కనబెట్టి, ఎరువు ధరకూ గింజ ధరకూ ఉన్న నిష్పత్తిని బట్టి మోతాదు చెప్పే పద్ధతికి మారాయి.

ఆ పద్ధతి సారాన్ని చిన్న ఉదాహరణతో చూడవచ్చు. ఇవి పరీక్షలో వచ్చిన అంకెలు కావు, లెక్క తీరు చూపడానికి వేసుకున్నవి. నత్రజని అసలు వేయని చోట ఎకరాకు 14 క్వింటాళ్లు వచ్చాయనుకుందాం. 20 కిలోలకు 19, 40 కిలోలకు 23, 60 కిలోలకు 25.5, 80 కిలోలకు 26.6, 100 కిలోలకు 26.9 క్వింటాళ్లు. అన్నిటికంటే ఎక్కువ పండింది 100 కిలోల దగ్గరే. 100 కిలోలు వేస్తే 12.9 క్వింటాళ్లు అదనంగా వచ్చాయి కాబట్టి కిలో నత్రజనికి 12.9 కిలోల గింజ అని సగటు చూసుకుని సంతోషపడవచ్చు కూడా.

ఆ సగటే మోసం చేస్తుంది. మొదటి 20 కిలోలు తెచ్చింది 500 కిలోల గింజ. రెండో 20 తెచ్చింది 400. మూడో 20 తెచ్చింది 250. నాలుగోది 110. ఐదోది 30 కిలోలు మాత్రమే, అంటే కిలో నత్రజనికి కిలోన్నర గింజ. ఇప్పుడు కిలో నత్రజని కొని, చల్లించడానికి అయ్యే ఖర్చు 5 కిలోల గింజ ధరతో సమానం అనుకుంటే, ఒక్కో 20 కిలోల మెట్టుకు 100 కిలోల గింజ ఖర్చు. నాలుగో మెట్టు 110 తెచ్చి వెంట్రుకవాసిలో గట్టెక్కింది. ఐదో మెట్టు 100 పోసి 30 తెచ్చింది. అదే నిష్పత్తి 8కి పెరిగితే నాలుగో మెట్టు కూడా నష్టమే, మోతాదు 60 దగ్గర ఆగిపోవాలి. నేల మారలేదు, విత్తనం మారలేదు, వాన మారలేదు. ధర ఒక్కటి మారితే సరైన మోతాదు మారిపోయింది. అత్యధిక దిగుబడి ఇచ్చే మోతాదు, అత్యధిక లాభం ఇచ్చే మోతాదు ఒకటి కావన్న మాటకు అర్థం ఇదే.

ఎక్కువ వేసేవారిని తప్పుపట్టే ముందు ఇదే లెక్కను రెండో వైపు నుంచీ చూడాలి. 20 కిలోలు ఎక్కువ వేసినవారికి ఈ ఉదాహరణలో పోయింది 70 కిలోల గింజ విలువ. అవసరమైన చోట 40 కిలోలు తక్కువ వేసి, 80కి బదులు 40 దగ్గర ఆగినవారికి ఖర్చు మినహాయించాక పోయింది 160 కిలోలు. నత్రజని గింజతో పోలిస్తే చవగ్గా దొరికే చోట కొంచెం ఎక్కువ వేయడం బీమా కట్టినట్టే, అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. పైగా మోతాదును బట్టి దిగుబడి పెరిగే తీరును గీస్తే, ఆ వక్రరేఖ శిఖరం దగ్గర చదునుగా ఉంటుంది కాబట్టి ఐదారు కిలోలు అటూ ఇటూ అయితే ముంచుకుపోయేదేమీ లేదు. తప్పు జరిగేది ఆ బీమా ఎంత పెద్దదో ఎప్పుడూ కొలుచుకోకపోవడంలో.

గుళిక నేల మీద పడ్డాక

ఇంతవరకూ వేసిన నత్రజని పంటకు చేరుతుందనే లెక్క నడిచింది. నిజానికి చేరడం దగ్గరే ఎక్కువ పోతుంది.

తడి నేల మీద పడిన ఒక యూరియా గుళికను దగ్గరగా చూస్తే జరిగేది ఇది. మంచు తేమకే అది కరిగిపోతుంది. నేలలోనూ, అంతకంటే ఎక్కువగా కుళ్లుతున్న చొప్ప మీదా ఉండే యూరియేజ్ అనే ఎంజైము దాన్ని అమోనియంగా విడగొట్టడం మొదలుపెడుతుంది. వెచ్చని వాతావరణంలో రెండు నుంచి నాలుగు రోజుల్లో పని చాలావరకు పూర్తవుతుంది. ఈ విడిపోయే క్రమంలో గుళిక చుట్టూ ఉన్న కాస్త మట్టిలో క్షారగుణం పెరిగిపోతుంది, ఉదజని సూచిక (పీహెచ్) 8 దాటి 9 వైపు వెళుతుంది. ఆ స్థితిలో అమోనియం అమోనియా వాయువుగా మారుతుంది. గుళిక రెండంగుళాల మట్టి కింద ఉంటే ఆ వాయువును మట్టి పట్టేసుకుంటుంది. పైన ఉంటే గాలికి పోతుంది. ఎండ, గాలి, తడిసి ఆరుతున్న నేల, పైన పరిచిన చొప్ప అన్నీ కలిసొస్తే వేసిన నత్రజనిలో మూడో వంతు ఇలా ఎగిరిపోవచ్చు. చల్లిన మర్నాడు చేను ఎప్పటిలాగే ఉంటుంది. ఏం పోయిందో కనబడదు.

దీనికి మందు పెద్ద సాంకేతికత కాదు. సాలుకు బెత్తెడు దూరంలో, రెండంగుళాల లోతున వేసి మట్టి కప్పడం. అది కుదరకపోతే చల్లిన వెంటనే, లేదా ఒకటి రెండు రోజుల్లో, 10–15 మిల్లీమీటర్ల వానో, ఆ మేర తడో పడేలా చూసుకోవడం. అంతకంటే తక్కువ జల్లు పడితే మేలు కంటే కీడే ఎక్కువ. గుళికను కరిగిస్తుంది కానీ కిందికి దించదు. కలుపు తీసి బోదె ఎగదోసే పనికి ముందు యూరియా వేసి, ఆ మట్టే దాని మీద పడేలా చేయడం పాత పద్ధతే అయినా దానికి సాటి వచ్చేది తక్కువ. పొద్దున మంచు ఆరకముందు చల్లితే గుళికలు మొవ్వులో పడి ఆకులు మాడతాయి, ఆ నష్టం వేరే.

నేలలో చిక్కిన అమోనియం ధనావేశం ఉన్నది, బంకమట్టి దాన్ని పట్టి ఉంచుతుంది. అక్కడ ఉన్నంతకాలం భద్రమే. అయితే నైట్రోసోమొనాస్ వంటి బ్యాక్టీరియాలు దాన్ని ముందు నైట్రైట్‌గా, వేరే జాతివి తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. వెచ్చని నేలలో ఇది రెండు నుంచి నాలుగు వారాల పని. మొక్కజొన్న వేళ్లు నైట్రేట్‌ను ఇష్టంగానే తీసుకుంటాయి, కానీ రుణావేశం ఉన్న నైట్రేట్‌ను మట్టి పట్టుకోదు. నీరు ఎటు పోతే అదీ అటే. అప్పటికే బాగా తడిసి ఉన్న ఇసుక నేల మీద మరో 25 మిల్లీమీటర్ల నీరు పడితే నైట్రేట్ అడుగు లోతు దాకా దిగగలదు. ఒండ్రు నేలలో అందులో సగం. బరువు నల్లరేగడిలో కిందికి దిగడం తక్కువ గానీ అక్కడ నీరు నిలుస్తుంది. గాలి ఆడని తడిలో మరో రకం బ్యాక్టీరియాలు నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. వెచ్చని నేల రెండు రోజులకు మించి ముంపులో ఉంటే ఆ తర్వాత రోజుకు 4–5 శాతం నైట్రేట్ ఇలా పోతుందని అంచనా. నీరు నిలిచిన మొక్కజొన్న ఎర్రబారడానికి వేళ్లకు ఊపిరాడకపోవడం ఒక కారణమైతే, ఇది రెండోది. అందుకే ముంపు తీసిన వెంటనే చేయాల్సింది యూరియా చల్లడం కాదు, నీరు బయటికి పంపడం. వేరు కోలుకోకుండా వేసిన ఎరువూ ముంపు దారే పడుతుంది.

ఆ వాయువులో కొంత నైట్రస్ ఆక్సైడ్. వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడిని పెంచే వాయువది. వేసిన నత్రజనిలో 1 శాతం అలా పోతుందన్న అంతర్జాతీయ ప్రామాణిక అంచనాతో చూస్తే ఎకరాకు వేసిన 60 కిలోలకు సుమారు 250 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. నీటితో కిందికి దిగిన నైట్రేట్ మాత్రం భూగర్భ జలాలకు చేరుతుంది. తాగునీటిలో లీటరుకు 50 మిల్లీగ్రాములకు మించి ఉండరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి.

అదను

నష్టాల కథంతా ఒక మాటకు వస్తుంది. నేలలో నైట్రేట్ ఎన్ని రోజులు పంట కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే అన్ని రోజులూ ప్రమాదంలో ఉన్నట్టే. కాబట్టి పంటకు ఆకలి వేసే వేళకు వడ్డించాలి.

మొక్కజొన్న ఆకలి తిన్నగా పెరగదు. దశ తెలుసుకోవడానికి రోజులు లెక్కపెట్టడం కంటే ఆకులు లెక్కపెట్టడం నమ్మదగ్గది. కింద నుంచి మొదలుపెట్టి, కాండాన్ని చుట్టిన తొడుగు ఆకుగా విచ్చుకునే చోట లేత రంగు గీత స్పష్టంగా కనబడే ఆకులను మాత్రమే లెక్కించాలి. మొవ్వులో ఇంకా చుట్టుకుని ఉన్నవి లెక్కలోకి రావు. కింది ఆకులు త్వరగా ఎండి రాలిపోతాయి కాబట్టి పెద్ద మొక్కల్లో ఈ లెక్క తప్పుతుంది. నాలుగైదు మొక్కలకు ముందే ఐదో ఆకు మీద గుర్తు పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

ఆరు ఆకుల దశకు మొక్క తీసుకున్నది మొత్తం అవసరంలో పదో వంతు కూడా ఉండదు. కానీ అప్పుడే కాండం చివర మొగ్గ నేల పైకి వస్తుంది. ఏడెనిమిది ఆకుల నాటికి కండెకు ఎన్ని వరుసలు ఉండాలన్నది తేలిపోతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా జోరందుకుంటుంది. పది నుంచి పద్నాలుగు ఆకుల మధ్య ఎకరా చేను రోజుకు కిలోన్నర దాకా నత్రజని తీసుకోగలదు. వరుసకు ఎన్ని గింజలు పట్టాలన్నది ఈ రోజుల్లోనే నిర్ణయమవుతుంది. పీచు వేసే సరికి మొత్తంలో దాదాపు మూడింట రెండు వంతులు లోపలికి చేరుతుంది. మిగతాది గింజ పాలు పోసుకునే కాలంలో. అప్పుడు నేలలో లేకపోతే మొక్క తన ఆకుల్లోంచే లాగి గింజకు ఇస్తుంది, కింది ఆకులు ముందే మాడతాయి.

విత్తేటప్పుడే మొత్తం వేసేస్తే, పెద్ద ఆకలి వేసే నెల వచ్చేదాకా నైట్రేట్ కాపలా లేకుండా పడి ఉంటుంది. అసలు వేయకపోతే తొలి నెల వేరు ఎదగదు, చొప్ప కలిసిన నేలలో ఇంకా ఇబ్బంది. అందుకని విత్తేటప్పుడు నాలుగో వంతు నుంచి మూడో వంతు, మోకాలెత్తు దశలో అన్నిటికంటే పెద్ద వాటా, మగపూతకు కాస్త ముందు మిగిలింది. తేలిక నేలల్లో దఫాలు పెంచాలి. బరువు నేలల్లో రెండు దఫాలే చాలు, కూలి ఖర్చు కలిసొస్తుంది. యూరియాను గింజకు తగిలేలా మాత్రం వేయకూడదు. అమోనియా తగిలితే మొలకే రాదు.

పైపాటు, అంటే ఎదుగుతున్న పంటకు వేసే దఫా, ఆలస్యమైతే? మిస్సోరిలో చేసి 2002లో ప్రచురించిన క్షేత్ర పరీక్షల్లో, పదకొండు ఆకుల దాకా ఆగినా దిగుబడి పెద్దగా తగ్గలేదు. పన్నెండు నుంచి పదహారు ఆకుల మధ్య వేస్తే 3 శాతం, పీచు దశ దాకా ఆగితే 15 శాతం తగ్గింది. వాన కోసమో ఎరువు కోసమో ఎదురుచూసేవారికి ఇది ఊరట కలిగించే మాటే గానీ, ఆ నేలలు లోతైనవి, సేంద్రియ పదార్థం ఉన్నవి. పలచటి నేలలో మొక్క అంతసేపు ఓర్చుకోలేదు. వర్షాధారంలో అయితే అదనుతో పాటు పదునూ చూడాలి. ఎండిన నేలలో యూరియా వేసినా వేరు తీసుకోలేదు. పదును వచ్చేదాకా పైపాటు ఆపడం, బెట్ట ముదిరి ఆశ సన్నగిల్లితే చివరి దఫా పూర్తిగా మానేయడం దఫాలుగా వేసేవారికే దొరికే వెసులుబాటు. మొత్తం ముందే వేసినవారి డబ్బు అప్పటికే నేలలో ఉంటుంది.

చేను చెప్పేది వినడం

నత్రజని మొక్కలో కదిలే పోషకం. కొరత వస్తే ముదురు ఆకులోంచి లేత ఆకుకు తరలిపోతుంది. అందుకే పసుపు కింది ఆకుల్లో మొదలవుతుంది. ఆకు కొసన మొదలై నడిమి ఈనె వెంట లోపలికి, బాణం మొనలా పాకుతుంది. అంచులు కాసేపు పచ్చగానే ఉంటాయి. అదే అంచులు ముందుగా మాడితే పొటాష్ కొరత. పసుపు పై లేత ఆకుల్లో ఉంటే గంధకం. లేత ఆకు మొదట్లో ఈనెకు రెండు పక్కలా తెల్లటి పట్టీలుంటే జింకు. ఈ మూడింటికీ యూరియాతో బదులిస్తే డబ్బు పోవడమే కాక అసలు కొరత మరింత ముదురుతుంది. గంధకం లేని చోట మొక్క నత్రజనిని మాంసకృత్తుగా మార్చుకోలేదు. భాస్వరం లేని చోట వేరు ఎదగదు. బెట్టలోనూ కింది ఆకులు ఎండుతాయి, దాన్ని కొరతగా పొరబడకూడదు.

ఆకు పసుపెక్కేదాకా ఆగితే కొంత నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. వరి కోసం తయారై మొక్కజొన్నకూ వాడకంలోకి వచ్చిన ఆకు రంగుల పట్టీ చవకైనది. పూర్తిగా విచ్చుకున్న పై ఆకును, ఎండ నేరుగా పడకుండా వీపు అడ్డుపెట్టి, రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి చూడాలి. అసలు చిక్కు, రకాన్ని బట్టి పచ్చదనం మారడం. ఆ చిక్కుకు విరుగుడు పొలంలోనే ఉంది. విత్తేటప్పుడే చేను మధ్యలో నాలుగు సాళ్లకు ఏ కొరతా రానంత నత్రజని వేసి ఉంచాలి. మిగతా చేను ఆ నాలుగు సాళ్లతో సమానంగా పచ్చగా ఉన్నంతకాలం నేల ఇంకా ఇస్తోందని అర్థం, పైపాటు ఆగవచ్చు. తేడా కనబడగానే వేయాలి. పత్రహరితం కొలిచే పరికరం ఉంటే ఆ సాళ్ల కొలతలో 95 శాతానికి దిగడం హద్దు. చేనంతటికీ ఏం వేయాలో చెప్పే నాలుగు సాళ్ల ఖర్చు ఎంతని!

భూసార పరీక్షలో నత్రజనికి పనికొచ్చేది పంట అడుగెత్తు ఉన్నప్పుడు తీసే మట్టి. సాళ్ల మధ్య అడుగు లోతు దాకా తీసిన మట్టిలో నైట్రేట్ రూపంలోని నత్రజని 25 పీపీఎం (పది లక్షల పాళ్లలో 25 పాళ్లు) దాటితే పైపాటుకు పంట స్పందించే అవకాశం తక్కువ. అమెరికాలోని వెర్మాంట్‌లో 1980లలో మొదలైన ఈ పరీక్ష పశువుల ఎరువు వేసే పొలాల్లో బాగా పనిచేస్తుంది, ఎందుకంటే నేల వాటాను ఊహించడం కష్టమైంది ఆ పొలాల్లోనే. నమూనా తీసిన వెంటనే నీడలో పలచగా ఆరబెట్టాలి. తడి మట్టిని సంచిలో రెండు రోజులు ఉంచితే సూక్ష్మజీవులు లోపలే కొత్త నైట్రేట్ తయారుచేస్తాయి, అంకె అబద్ధం చెబుతుంది.

ఎరువు రకాల గురించి రెండు మాటలు చాలు. యూరియేజ్‌ను కొన్నాళ్లు ఆపే పూత ఉన్న యూరియా, పైన చల్లి వాన కోసం చూడక తప్పని చోట డబ్బు గిట్టుబాటు చేస్తుంది. మట్టిలో కప్పగలిగినవారికి దాని అవసరం లేదు. అమోనియం సల్ఫేటులో గాలికి పోయే భయం తక్కువ, గంధకమూ వస్తుంది. కానీ నేలలో ఆమ్లత్వం పెంచే గుణం ఎక్కువ. దాని నుంచి వచ్చే కిలో నత్రజని పెంచే ఆమ్లత్వాన్ని సరిచేయడానికి సుమారు 5.4 కిలోల సున్నపురాయి పొడి కావాలి, యూరియాకైతే 1.8 కిలోలు. ఇప్పటికే ఆమ్లత్వం ఉన్న నేలల్లో ఈ తేడా చిన్నది కాదు.

ఆకుల మీద పిచికారీని మాత్రం లెక్కతోనే చూడాలి. 200 లీటర్ల నీటిలో 2 శాతం యూరియా అంటే 4 కిలోలు, అందులో నత్రజని 1.84 కిలోలు. చేను జోరు మీదున్న రోజుల్లో అది ఒక రోజు పైబడిన మేత. నాలుగు శాతం నత్రజని ఉన్న అరలీటరు సీసాలో ఉండేది 20 గ్రాములు. బెట్టలో, వేరు దెబ్బతిన్నప్పుడు పిచికారీ ఊతమిస్తే ఇవ్వవచ్చు గానీ, 60 కిలోల ఆకలిని అది తీర్చదు.

ఎక్కువైన చేను నోరు మెదపదని మొదట్లో అనుకున్నాం. పంట కోతకు వచ్చాక ఒకసారి మాత్రం అది మాట్లాడుతుంది. గింజ అడుగున నల్లటి పొర ఏర్పడిన ఒకటి నుంచి మూడు వారాల లోపు, నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తున ఒక కోత, 35 దగ్గర మరో కోత పెట్టి, ఆ మధ్య ముక్కను తీయాలి. ఆకు తొడుగు ఒలిచి, పురుగు పట్టినవి వదిలేసి, ఇలా పదిహేను కాండాలు. మొక్కకు చాలకపోతే ఈ కింది కాండంలోని నైట్రేట్‌ను కూడా లాగి గింజకు పంపేస్తుంది. మిగిలిపోతే అక్కడే పేరుకుపోతుంది. పరీక్షలో నైట్రేట్ నత్రజని 250 పీపీఎం లోపు ఉంటే పంట పస్తులున్నట్టు, 700 నుంచి 2000 మధ్య ఉంటే సరిగ్గా సరిపోయినట్టు, 2000 దాటితే అవసరానికి మించి తిన్నట్టు. బెట్ట ఏడాదిలో ఈ అంకె ఎక్కువగా వస్తుంది, దాన్ని నమ్మకూడదు. మామూలు వానలు పడిన రెండు మూడు పంటల్లో వరుసగా 2000 దాటుతుంటే, వచ్చే పంటకు ఎకరాకు పది కిలోలు తగ్గించి, నాలుగు సాళ్లు మాత్రం పాత మోతాదులోనే ఉంచి, కోత రోజున ఆ రెండింటినీ విడివిడిగా తూకం వేయవచ్చు.